సీసాల నూలు నేసిన చలికాలం

కొలిచే పనిలో నాకు మొహమాటం లేదు. సిరిసిల్లలో మా ఆసామి షెడ్డులో, కోసిన తాను బల్ల మీద పడగానే ఇనుప పట్టీ ఆనించి, మీటరు మీటరుగా మడత పెట్టి లెక్క చెప్పడం ఇరవై ఏళ్లకు పైగా నా పని. నలభైకి జానెడు తక్కువైతే నలభై అని చెప్పలేదు. నా కొడుకు నేసిన బట్టకైనా అంతే. "కన్నకొడుకు గదనే, జానెడు ఇడిసిపెట్టరాదు" అని కండెలు చుట్టే ఆడవాళ్లు నవ్వేవారు. ఇవాళ జానెడు విడిచిపెడితే రేపు మూరెడు అడుగుతారు. కొడుకులైతే మరీ అడుగుతారు.

మరమగ్గాలను మేము సాంచాలంటాం. పెద్ద వ్యాపారి నూలు ఇస్తే, తన సాంచాల మీద నేయించి, మీటరుకింత అని తీసుకునేవాడు ఆసామి. ఆ సాంచాలు నడిపే కార్మికుడికీ మీటరు లెక్కే. అంటే మా వాడలో బియ్యం, మందులు, పిల్లల ఫీజులు అన్నీ మీటర్లలోనే ఉంటాయి. ఎవరి ఇల్లు ఎన్ని మీటర్ల మీద నిలబడి ఉందో నాకు తెలుసు. మా ఇంటిది నూట అరవై. నాలుగు సాంచాలు, ఒక్కోదాని మీద రోజుకు నలభై. అంతకు తగ్గితే ఏదో ఒకటి ఆపాలి. మొదట కూరగాయలు ఆపుతాం, ఆ తరువాత మా ఆయన ఆయాసం మందు.

ఆ ఏడు కార్తీక పున్నానికి ముందు నా కొడుకు గల్ఫ్ నుంచి తిరిగొచ్చాడు. పోయేటప్పుడు నడుము ముప్పై నాలుగు, వచ్చేటప్పుడు ముప్పై. పాంట్లన్నీ నేనే విప్పి బిగించి కుట్టాను కనుక చెబుతున్నాను. అక్కడ తాగే నీళ్లు సీసాల్లో నింపే కంపెనీలో పని. ఎండ గురించి చెప్పలేదు, గది గురించి చెప్పలేదు. ఇంటికొచ్చిన మూడో నాడు అన్నం తింటూ, "అవ్వా, ఇగ పోను. నన్ను మల్ల పొమ్మనకు" అన్నాడు. నేనెప్పుడు పొమ్మన్నాను? ఆ మాట అనకుండా ఇంకొంచెం అన్నం వడ్డించాను. వాడు చెప్పింది నాకు కాదు, ఇంట్లో ఉన్న లెక్కకు.

కానీ ఊళ్లో సాంచాలు సగం ఆగి ఉన్నాయి. పండుగ చీరల ఆర్డర్లు రాక షెడ్లకు తాళాలు పడ్డాయి. సాయంత్రమైతే సాంచాల పనికి మహారాష్ట్రలోని భీవండి పోయే బస్సుల దగ్గర మూటలు పెట్టుకుని మగవాళ్లు నిలబడేవారు. పోనివాళ్ల గురించి ఇంకా భయం. పగటిపూట ఎవరి తలుపైనా లోపల గడియ వేసి ఉంటే, పనున్నా లేకున్నా తట్టి పలకరించి పోయేవాళ్లం. అది మా వాడలో ఒక అలవాటైపోయింది. ఎవరూ ఎందుకని అడిగేవారు కాదు.

కోరుట్లలో ఏజెంటు దగ్గర వీసా ఇంకొకటి ఉందని వాడు రాకముందే కబురు వచ్చింది. ఉగాదిలోపు చెప్పాలి. ఇక్కడ నూట అరవై మీటర్లు దొరికితే వాడుంటాడు, దొరక్కపోతే పోతాడు. మాటల్లో ఎవరూ అనలేదు గాని ఇంట్లో అందరికీ తెలుసు. నాలుగేళ్ల నా మనవరాలికి తప్ప.

అట్లాంటప్పుడు ఒకరోజు ఆసామి మా ఇంటికి వచ్చాడు. మావైపు దూరపు చుట్టమే, నన్ను అక్కా అంటాడు.

"అల్లుడా, పని దొరికింది. కొత్త నూలచ్చింది. కొత్తదంటే కొత్తది గాదు గని, పాతది. పాతది గూడ గాదు."

"గదేంది మామా, పొడుపుకథనా?" అన్నాడు నా కొడుకు.

"తాగి పారేసిన నీళ్ల సీసలుంటయి గదా. గవి ముక్కలు జేసి, కరగదీసి, పీచు తీస్తరట. గా పీచుతోని వడికిన నూలు. హైదరాబాద్ సేటు పంపిండు. సంచుల బట్ట నెయ్యాలె. కొత్త ప్లాస్టిక్ నూలు ఒక్క పోగు గూడ కలవొద్దంట."

నా కొడుకు చాలాసేపు నవ్వాడు. వచ్చాక అంత నవ్వడం అదే మొదలు. "మామా, నాలుగేండ్లు ఆడ సీసలు నింపిన. ఇప్పుడు ఈడ గవే సీసలు నెయ్యాల్నా? సీసలు నన్ను ఇడిసేటట్టు లేవు."

"ఇడువకుంటెనే మంచిది గదరా, ఇంటి పట్టున ఉంటవు."

రెండు రోజులకు ఆ హైదరాబాదు వ్యాపారి కూడా వచ్చాడు. రెండు డబ్బాలు తెరిచి చూపించాడు. ఒకదాంట్లో సీసా ముక్కలు, పటికబెల్లం పలుకుల్లా ఉన్నాయి. రెండోదాంట్లో తెల్లని పీచు. మా ఆయన ఆ పీచును రెండు వేళ్ల మధ్య పెట్టి కళ్లు మూసుకుని నలిపాడు. ఆయన ముప్పై ఏళ్ల వయసు వచ్చేదాకా చేమగ్గం మీద పత్తి నేసినవాడు. సాంచాలు వచ్చాక, సిల్కులా జారే పాలిస్టర్ దారం వచ్చాక, ఆయన వేళ్లకు పని పోయి, సాంచ చప్పుడు వినే చెవులకు పని వచ్చింది. ఆ రోజు చాలాకాలం తరువాత వేళ్లతో చూశాడు.

"పత్తి లెక్కనే ఉన్నది" అన్నాడు. తరువాత జరిగినదంతా ఆ మాటలోనే ఉంది.

నూలు పత్తిలానే ఉంది, నిజమే. మేము అలవాటుపడ్డ పాలిస్టర్ తెగని ఒకటే పోగు, నున్నగా ఉంటుంది. ఇది పొట్టి పీచులు మెలిపెట్టి వడికింది. నూగు నూగుగా, అక్కడక్కడ ముడులతో. పడుగు చేసి భీములనే పెద్ద రోలర్లకు చుట్టి, సాంచాల మీదకు ఎక్కించేసరికి మార్గశిరం వచ్చింది. చలి, పొడిగాలి. సాంచ మొదలుపెట్టిన గంటలోనే తెలిసిపోయింది. ముంజేతి వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. ఇనుము ముట్టుకుంటే చురుక్కుమనేది. తెల్లని దూగర లేచి కనురెప్పలకు, మీసాలకు అంటుకునేది. పోగులు ఒకదానికొకటి అతుక్కుని తెగేవి. ఒకటి ముడి వేసి తల ఎత్తేలోపు పక్క సాంచ ఆగిపోయేది. నా కొడుకు నాలుగింటి మధ్య పరుగెడుతూనే ఉన్నాడు.

సాయంత్రం కొలిచాను. పద్దెనిమిది, పదహారు, పంతొమ్మిది, పదిహేడు.

"మొత్తం ఎంతచ్చిందే?" అని మా ఆయన అడిగాడు.

"డెబ్బై."

"డెబ్బై అయితే మంచిగనే ఉన్నది" అన్నాడు నా కొడుకు, ముక్కులోంచి దూగర తీసుకుంటూ. "దుబాయ్ ఎండ గూడ డెబ్బై ఉండది."

వారమంతా అట్లానే నడిచింది. ఎనభై దాటలేదు. అప్పుడు మా ఆయన, "గంజి వెట్టాలె" అన్నాడు.

ఆసామి నవ్వాడు. "బావా, ప్లాస్టిక్కుకు గంజేంది? రేపు పసుపు కుంకుమ గూడ పెడ్దమా?"

"ప్లాస్టిక్కు అయితే పోగు తెగకపోవు. పీచుతోని వడికినంక అది నూలే. నూలుకు గంజి తాగియ్యకుంటె రేగుతది, రేగితే తెగుతది. నా చిన్నప్పటి సంది చేసిన పనిరా ఇది."

ఎవరి దగ్గరా ఇంకో ఉపాయం లేదు. ఆసామి ఒక చిన్న భీముకు సరిపడా పడుగు ఇచ్చాడు.

మర్నాడు తెల్లవారుజామున మా బజారులో పడుగు సాచారు. అట్లాంటిది నేను చివరిసారి చూసింది నా పెళ్లయిన కొత్తలో. మా ఆయన తోటివాళ్లు, అరవై దాటినవాళ్లు, పిలవకుండానే వచ్చారు. ఒకాయన అటక మీదనుంచి గంజి కుంచె తీసుకొచ్చాడు. పిడి నున్నగా అరిగి మెరుస్తోంది. నేను జొన్నపిండి, బియ్యప్పిండి పాళ్లు సరిచూసి కాచాను. రెండు పాళ్లకు ఒక పాలు, చెంచాడు నూనె. పలచనైంది అని ఒకరు, చిక్కనైంది అని ఒకరు. ఎంతకాలమైందో వాళ్లు అట్లా గట్టిగా పోట్లాడుకుని. కర్రల మీద పడుగు బజారు ఈ చివరనుంచి ఆ చివరకు తెల్లగా పరుచుకుంది. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు నిలబడి, కుంచెతో గంజి రాస్తూ, వేళ్లతో పోగులు విడదీస్తూ నడిచారు.

ఆటోవాడొకడు వచ్చి ఆగాడు. "తాతా, బట్టలారేసుకుంటున్నరా, బజారు మూసిండ్రా?"

"మీ తాతనడుగు పో. గీ బజారు గింత పొడుగు పెట్టిందే గిందుకు" అన్నాడు మా ఆయన, తల తిప్పకుండా.

ఆ మాట నిజం. నేత వాడల్లో బజారు పొడుగు పడుగు పొడుగును బట్టి ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లకు అది ఆటోలు పోయే దారి. ఆటోవాడు తిట్టుకోలేదు. బండి ఆపి కాసేపు చూసి, వెనక్కి తిప్పుకుని పోయాడు. నాలుగడుగులు వేస్తే ఆగి ఊపిరి తీసుకునే మా ఆయన ఆ ఉదయం బజారు మొత్తం ఎన్నిసార్లు తిరిగాడో. నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టకుండా చూసినవి నా జీవితంలో తక్కువ.

ఆ భీము ఎక్కించాక మొదటి గంట బాగా నడిచింది. మా ఆయన సాంచ పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. తరువాత సాంచ కింద నేల మీద సన్నగా తెల్లని పొడి కనిపించింది. ముగ్గు పోసినట్టు. గంజి పోగులోకి పోలేదు. పత్తి తాగుతుంది, ఈ పీచు తాగదు. పైపైన అంటుకుని, ఎండి, సాంచ కుదుపుకు పగిలి రాలిపోతోంది. రాలిన పొడి పోగులు దూరే ఫణిలో పేరుకుని, దువ్వెన సందులన్నీ మూసుకుపోయాయి. అంతకుముందు కన్నా ఎక్కువ తెగింది. సాయంత్రానికి ఆ సాంచ మీద పదకొండు మీటర్లు. మర్నాటికి పొడి చుట్టూ చీమలు.

"పోనీ బాపు" అన్నాడు నా కొడుకు.

"పత్తి అనుకున్న" అన్నాడు మా ఆయన. చీపురు ఇవ్వబోతే తీసుకోలేదు. వంగి, చేతులతోనే ఆ పొడి అంతా ఒక కాగితంలోకి ఎత్తాడు. కుంచె కడిగి ఆరబెట్టి, ఇచ్చినాయన ఇంటికి తానే పోయి ఇచ్చి వచ్చాడు. ఆ తరువాత పది రోజుల దాకా షెడ్డుకు రాలేదు. ఆయాసమన్నాడు. అది ఆయాసమే కావచ్చు.

సంక్రాంతి దాటాక నేను, నా కొడుకు కోరుట్ల వెళ్లాం. అది నా పుట్టిన ఊరు. అయితే పుట్టింటికి కాదు, ఏజెంటు దగ్గరికి. వేములవాడ మీదుగా బస్సు రుద్రంగి దాటేటప్పటికి పొలాల్లో నాట్లు పడుతున్నాయి. వాడు కిటికీలోంచి చూస్తూ, "నాటేసినోళ్లకు ఇంత నీళ్లు, మన సాంచాలకు గంత పొడిగాలి" అన్నాడు. ఆ మాట అప్పుడు పట్టించుకోలేదు.

ఏజెంటు మంచివాడే. కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. ఇంకొంచెం గడువు ఇవ్వమన్నాను.

"పెద్దమ్మా, వీసా పాల పాకీటు అసొంటిది. ఎన్నొద్దులు పెడ్తం? ఉగాది దాకా నేను ఆగుత, వాళ్లు ఆగాలె గదా. ఎందుకైనా మంచిది, జగిత్యాల పోయి డాక్టర్ తోని ఒక మాట అనిపిచ్చుకోర్రి. నడుముల నొప్పి ఉన్నదంటె మల్ల లాస్టుకు గడబిడయితది."

నా కొడుకు నా మొహం చూడలేదు. సరే అన్నాడు. ఆ సరే విన్నాక నేను చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

జగిత్యాలలో డాక్టరు గట్టి మనిషివే అన్నాడు. బస్సు కోసం నడుస్తుంటే రోడ్డు పక్కన పాత సామాన్ల దుకాణం, దాని వెనక ఖాళీ జాగాలో సీసాల గుట్ట. పెళ్లిళ్ల హాళ్లనుంచి, హోటళ్లనుంచి వచ్చినవి. ఒకామె గుట్ట పక్కన పీట వేసుకుని ఒక్కో సీసా తీసి, మూత తిప్పి ఒక బస్తాలో, చుట్టూ ఉన్న కాగితం చింపి ఒక బస్తాలో, సీసాను కాలితో తొక్కి ఒక బస్తాలో వేస్తోంది.

"గివి యాడికి పోతయక్కా?" అని నా కొడుకు అడిగాడు.

"హైదరాబాద్ పోతయంట. ఆడ కరగదీస్తరంట."

"నూలు తీస్తరు. నేను నేస్త గా నూలు."

ఆమె నమ్మలేదు. "ఏమయ్యా, పొద్దుగాల్నే తాగినవా?" అంది. తరువాత నా వైపు తిరిగి, తనది రాయికల్ దగ్గర ఊరని, బీడీల పని తగ్గితే ఇటు వచ్చానని చెప్పింది. మూతలు తిప్పీ తిప్పీ బొటనవేలు వాచి ఉంది. "ఒక్క మూత ఉన్నా బస్తా మొత్తం వాపసు మల్లేస్తరు. కొత్తదైతె గింత పని ఎందుకుంటది? పాతదానికే ఇగ గీ శాకిరి."

ఇంటికొచ్చే దారంతా నాకు ఆ మాటే. మూత తిప్పడానికి ఒకామె వేలు, ముడి వేయడానికి నా కొడుకు వేళ్లు. పారేయడానికి క్షణం పట్టనిదాన్ని మళ్లీ పనికి తేవాలంటే ఎక్కడో ఎవరో ఒకరు నిదానంగా కూర్చోవాలి. ఆ నిదానం ఎవరి ఖాతాలో పడుతుందన్నదే ప్రశ్న.

ఇంటికి చేరేసరికి నా కోడలు కండెలు చుట్టడం అయిపోయి, వాటిని తడి గోనెపట్టాలో చుడుతోంది. కోడలిది కూడా రాయికల్ వైపే. పెళ్లికి ముందు బీడీలు చేసిన పిల్ల.

"అదేం పనే?" అన్నాను.

"అత్తా, పొద్దుగాల మంచు పడ్డప్పుడు తక్కువ తెగుతున్నయి, ఎండెక్కితే ఎక్కువ తెగుతున్నయి. చూస్తలేవా? బీడీ ఆకు గంతే. ఎండిందాన్ని చుడితే పలుగుతది. రాత్రి తడిగోనెల పెడితే పొద్దున చెప్పినట్టు ఇంటది."

"ఆకు తాగుతది. ఇది తాగదు. మామ గంజి చూసినవు గదా."

"తాగకుంటె మానె. మీద తడి గాలి ఉంటె సాలు."

నా కొడుకుకు బస్సులో తానన్న మాట అప్పుడు గుర్తొచ్చినట్టుంది. లేచి షెడ్డుకు పోయాడు. మర్నాడు కిటికీలకు, తలుపులకు గోనెపట్టాలు కట్టి నీళ్లు కొట్టారు. మోటార్ల వైపు వదిలేసి, సాంచాల మధ్య నేల తడిపారు. మోటార్లకు చిన్న పుల్లీలు వేసి సాంచాల వేగం తగ్గించాడు. ఆసామి మొత్తుకున్నాడు. "అల్లుడా, నాకు ఇనుము తుప్పు పట్టిపిస్తవా? గిది సాంచల షెడ్డా, బర్రెల కొట్టమా?"

"బర్రెలైతె పాలన్న ఇస్తయి మామా. ఓ వారం చూడు."

చురుక్కుమనడం ఆగింది. దూగర కిందికి దిగింది. ఆ సాయంత్రం ఒక్కో సాంచ మీద ఇరవై ఆరు. మరుసటి రోజు ఇరవై ఎనిమిది. ముప్పై దాటిన రోజు కోడలు నా బల్ల దగ్గరే నిలబడింది. నేను రెండోసారి కొలిచాను, నమ్మక కాదు, ఆ లెక్క ఇంకోసారి వినాలని. ముప్పై ఒకటి. బట్టలో తప్పు లేదు. వెలుతురుకు పట్టి చూస్తే సమంగా, చేతికి మెత్తగా ఉంది. ఎవరో తాగి పారేసిన సీసాలంటే నమ్మడం కష్టం. మా ఆయన కూడా వచ్చి నలిపి చూశాడు. "మంచి బట్ట" అన్నాడు. ఆయన నోట ఆ మాట పాలిస్టర్ గురించి ఎప్పుడూ వినలేదు.

ముప్పై రెండు దగ్గర ఆగింది. ఎంత తడిపినా, ఎంత చూసుకున్నా అంతే. వేగం పెంచితే తెగుతుంది, వేగం తగ్గిస్తే మీటర్లు తగ్గుతాయి. నాలుగు సాంచాలకు నూట ఇరవై ఎనిమిది. నా కొడుకు నాలుగింటి దగ్గర నిలబడితే, కూలి మూడింటికి కాస్త పైన వస్తోంది. నాలుగోది ఆ నూలు కోసం ఉత్తగా ఆడుతోంది.

ఇక మిగిలింది మీటరు రేటు. నిదానంగా నేస్తేనే నిలిచే నూలు కనుక మీటరుకు కొంచెం పెంచమని అడగాలి. ఆసామి హైదరాబాద్ పోయి వచ్చాడు. షెడ్డు ముందు బండ మీద కూర్చుని చెప్పులు విప్పాడు.

"ఏమన్నడు తమ్మీ?" అన్నాను.

"బట్ట మస్తున్నదన్నడు. అందరికి చూపెడ్తున్నడు. రేటంటెనే నవ్వుతున్నడు. చెత్తలకెల్లి తీసిన నూలుకు రేటు పెంచుడేందయ్యా, చెత్త అంటె సవుక గావాలె గదా అంటడు. వానికాడ కొనెటోళ్లు గట్లనే అడుగుతరంట. కొత్త నూలుతోని అయితే గింతకే అచ్చేది, నీదెందుకు పిరమని."

"సగం కొత్త నూలు కలుపుతమని అడగకపోయినవా మామా? పడుగు కొత్తది, పేక సీసలది. సాంచ ఉరుకుతుండె" అన్నాడు నా కొడుకు.

"అడిగిన. కొత్తది కలిపినంక ఇగ నా బట్టకు ఏం పేరుంటదన్నడు. గది గూడ నిజమే గదరా." ఆసామి చెప్పుల దుమ్ము దులుపుతూ, "నాకు మిగిలేదాంట్లకెల్లి ఇద్దమంటె నాకేం మిగులుతలేదు. కరెంటు బిల్లు చూపియ్యాల్నా?" అన్నాడు.

వద్దన్నాను. చూడకుండానే తెలుసు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ వ్యాపారి కూడా చెప్పి ఉండడు. అందరూ నిజమే చెప్పారు. మీటరుకు పడే ఆ కొంచెం మాత్రం ఎవరి దగ్గరా లేదు. మూతలు తిప్పే ఆమె నుంచి సంచి కొనుక్కునే ఆమె దాకా, ఒకరి మీదనుంచి ఒకరి మీదకు జారి, మా ఇంట్లో ఆగింది.

నా కొడుకు లేచి సాంచాల దగ్గరికి పోయాడు. ఆ రోజు కొలిచినప్పుడు ఒక సాంచ మీద ముప్పై రెండు మీద రెండు జానలు వచ్చింది. అదే ఎక్కువ.

ఉగాదికి వారం ముందు వాడు ఏజెంటుకు సరే అని చెప్పాడు. ఇంట్లో ఎవరూ వద్దనలేదు. నేను పాంట్లు తీసి చూశాను. నాలుగు నెలల ఇంటి తిండికి నడుము ముప్పై రెండుకు వచ్చింది. కుట్లు కొంచెం వదులు చేశాను.

అప్పటికి హైదరాబాదు వ్యాపారి ఆర్డరు కూడా తగ్గింది. నెలకు కొంత బట్ట చాలన్నాడు, రేటు అదే. రెండు సాంచాల పని. ఆ రేటుకు మగ కార్మికులెవరూ ఒప్పుకోలేదు. వాళ్ల తప్పు లేదు, వాళ్లకూ ఇళ్లున్నాయి. ఆసామి రెండు సాంచాలకూ పాత పుల్లీలు వేయబోతుంటే నా కోడలు కండెల మిషను దగ్గరనుంచి లేచింది.

"గవి నేను నడుపుత."

"ఆడిమనిషి సాంచ నడుపుడెక్కడన్న ఉన్నదా?" అన్నాడు ఆసామి.

"సీసలు నేసుడెక్కడన్న ఉండెనా?"

ఆసామి నావైపు చూశాడు. కండెలు చుట్టినదానికన్నా ఎక్కువ వస్తుంది, మగవాడికి వచ్చేదానికన్నా తక్కువ. ఆ లెక్క ఆమెకూ తెలుసు. నిదానం పని చివరికి ఎవరి దగ్గరికి చేరాలో అక్కడికే చేరిందనిపించింది. నేను బట్ట మడత పెడుతూ ఉండిపోయాను.

మిగిలిన ఆ వారం నా కొడుకు భార్యకు సాంచ నేర్పాడు. పేక పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె ఎక్కడ ఆగితే ఏం చూడాలి, తెగిన పోగును ఏ చేత్తో పట్టాలి, బెల్టు జారితే ఏం చప్పుడు వస్తుంది. పోయే రోజు పొద్దున బోల్టులు బిగించే పానా ఆమె చేతిలో పెట్టి, "నన్ను కొలువులకెల్లి తీసేసినవు" అన్నాడు. "నువ్వు రాంగనే మల్ల పెట్టుకుంట, నడుము ముప్పై నాలుగయితేనే" అంది కోడలు. మా ఆయన మనవరాలిని ఎత్తుకుని బస్టాండు దాకా నడిచాడు. నాలుగుసార్లు ఆగాడు.

వాడు శుక్రవారాలు ఫోన్ చేస్తాడు. ఆ రోజు వాడికి సెలవు, మాకు పని. కోడలు ఫోను సాంచ పక్కన గోడ గూట్లో పెడుతుంది. వాడు కాసేపు సాంచాల చప్పుడు వింటాడు. తరువాత, "రెండోదానికి బెల్టు వదులైంది, బిగియ్యుమను" అంటాడు. చూస్తే నిజంగానే వదులై ఉంటుంది.

పోయిన శుక్రవారం ఫోను నాకు ఇమ్మన్నాడు.

"అవ్వా, ఎంతచ్చింది నిన్న?"

"ఒకదాని మీద ముప్పై మూడు. ఇంకోదాని మీద ముప్పై మూడుకు జానెడు తక్కువ."

"కోడలు గదనే. జానెడు ఇడిసిపెట్టరాదు."

"నీకే ఇడువలేదు."

నవ్వాడు. ఆ వెనక ఎక్కడో సీసాలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు వినిపించింది. సెలవు రోజు కూడా పనికి పిలిచారేమో. అడగలేదు. ఇద్దరం సాంచ చప్పుడు వింటూ ఉన్నాం. అంతలో ఒక పోగు తెగి సాంచ ఆగింది. కోడలు తల ఎత్తి కిటికీల వైపు చూసింది. ఎండాకాలంలో గోనెలు గంటకే ఆరిపోతాయి. ఫోను గూట్లో పెట్టి, బకెట్టు తీసుకుని లేచాను.